ఈ-పేపర్ ఫ్రీగా చదవాలంటే ఫోన్ నంబర్ ఇవ్వాలా?

"ఈ-పేపర్ ఉచితమే అంటున్నారు, కానీ మొబైల్ నంబర్, ఓటీపీ కొట్టనిదే రెండో పేజీ తెరుచుకోవడం లేదు. ఇస్తే పోయేదేంటి?" అని ఒక పాఠకుడు అడిగారు. ఈమెయిల్‌తో పనయ్యేచోట ఈమెయిల్ ఇవ్వండి. నంబర్ మాత్రం వద్దు.

వెబ్‌సైట్ మిమ్మల్ని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైలు కుకీ, దాన్ని తుడిచేస్తే పోతుంది. నంబర్ అలా కాదు, బ్యాంకుకీ గ్యాస్‌కీ కిరాణా యాప్‌కీ అదే, పదేళ్లయినా మార్చం. ప్రకటనల కంపెనీలు దాన్ని సాధారణంగా ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్క పద్ధతిలో 64 అక్షరాల కోడ్‌గా మార్చి పంపుకుంటాయి. "నంబర్ ఎవరికీ ఇవ్వం" అన్న హామీకి విలువ లేకుండా పోయేది ఇక్కడే. ఒక నంబర్‌కు ఎక్కడైనా అదే కోడ్ వస్తుంది. పేపర్ దగ్గరి కోడ్‌నూ కిరాణా యాప్ దగ్గరి కోడ్‌నూ పక్కపక్కన పెడితే, షుగర్ మీద మీరు చదివిన వార్త, మీరు కొన్న బిస్కెట్లు ఒకే మనిషి లెక్కలోకి చేరతాయి. పైగా 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే పదంకెల నంబర్లు మొత్తం 400 కోట్లే. అన్నిటికీ కోడ్ కట్టి నంబర్ వెనక్కి రాబట్టడం కంప్యూటర్‌కు పెద్ద పని కాదు.

ఈమెయిల్‌కూ ఇదే చిక్కుంది, కానీ దానికి బదులు మరో చిరునామా వాడే దారి ఉంది. ఫైర్‌ఫాక్స్ రిలే అనే సేవలో మీ అసలు ఈమెయిల్ బయటపెట్టకుండా మెయిళ్లు దానికే చేర్చే 5 మారు చిరునామాలు ఉచితం, స్పామ్ మొదలైతే ఆ ఒక్కటీ ఆపేయొచ్చు. జీమెయిల్‌లో పేరు తర్వాత ప్లస్ గుర్తు, పేపర్ పేరు చేర్చే చిట్కా చాలామంది చెబుతారు. అది ఎవరు లీక్ చేశారో పట్టుకోవడానికే పనికొస్తుంది. ప్లస్ తర్వాతది కత్తిరించేసి కోడ్ కట్టడం తేలిక. బ్రౌజర్‌లో చరిత్ర దాచుకోని ఇన్‌కాగ్నిటో కిటికీ కూడా అంతే, లాగిన్ అయ్యాక మీరెవరో తెలిసిపోయినట్టే.

ఆస్ట్రియాలో డెర్ స్టాండర్డ్ పత్రిక 2018లో ట్రాకింగ్‌కు ఒప్పుకోండి, లేదా నెలకు 6 యూరోలు కట్టండి అంది. ఆ పద్ధతి నాకు నచ్చదు, కానీ కనీసం ధర చెప్పింది. మన దగ్గర పుట్టినరోజు, పిన్‌కోడ్ కూడా అడుగుతారు, ఎందుకో చెప్పరు. పేజీ చూపించడానికి పుట్టినరోజుతో పనేంటి? 2023 డేటా రక్షణ చట్టం 6వ సెక్షన్ ప్రకారం సమ్మతి షరతుల్లేకుండా, అవసరమైన వివరాలకే ఉండాలి. నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ఈ భాగం అమలుకు 18 నెలల గడువిచ్చారు. అందాకా నక్షత్రం గుర్తు (తప్పనిసరి అని అర్థం) లేని గళ్లు ఖాళీగా వదిలేయండి.

ఇప్పటికే నంబర్ ఇచ్చేసి ఉంటే యాప్ తీసేయడం చాలదు, ముందు సెట్టింగ్స్‌లో ఖాతా తొలగించాలి. 1909కి స్టార్ట్ 0 అని ఇంగ్లిష్‌లో మెసేజ్ పెడితే డీఎన్‌డీ, అంటే ప్రచార కాల్స్, మెసేజ్‌లు వద్దనే నమోదు, మొదలై ప్రమోషన్ కాల్స్ తగ్గుతాయి. అయితే ఓటీపీ గడి కింద చిన్న అక్షరాల్లో, ముందే టిక్ పెట్టి ఉండే "ఆఫర్లు పంపండి" గడి తీయకుండా ముందుకెళ్తే, మీరే ఒప్పుకున్నారని ఆ కంపెనీ డీఎన్‌డీని దాటి మెసేజ్‌లు పంపగలదు. నంబర్ ఇవ్వక తప్పకపోతే, ఓటీపీ కొట్టేముందు స్క్రీన్ కిందకి జరిపి ఆ టిక్ తీసేయండి.