రోజంతా ఇంగ్లీషు మాట్లాడి ఇంటికొస్తే తెలుగు మాట తట్టదేం?

ఆఫీసులో రోజంతా ఇంగ్లీషేననీ, సాయంత్రం ఇంట్లోవాళ్లతో మాట్లాడబోతే మామూలు తెలుగు మాటలు కూడా తట్టడం లేదనీ, మాతృభాష మర్చిపోతున్నానేమో అనీ రాశారు. మర్చిపోవడం కాదండి అది. నాకూ ఇలాగే అయ్యేది.

ఒకసారి వరసగా మీటింగులయ్యాక అమ్మకి ఫోన్ చేశాను. పెరటి తలుపుకి గొళ్లెం పెట్టావా అని అడగాలి. 'గొళ్లెం' అన్న మాట ఎంత వెతుక్కున్నా నోటికి రాలేదు. "అదేనమ్మా, తలుపుకి వేస్తాం కదా..." అంటూ నసిగాను. నాకు ఒంట్లో బాగాలేదేమోనని అమ్మ కంగారుపడింది. నాకూ టెన్షన్ పట్టుకుంది. మర్నాడు సెలవు. పొద్దున్న లేచేసరికి ఆ మాట దానంతటదే వచ్చేసింది. అప్పటినుంచే దీని గురించి చదువుతున్నాను.

ఒక భాష మాట్లాడుతుంటే రెండోది ఆగిపోతుందనుకుంటాం. ఆగదు. 1999లో స్పైవీ, మారియన్ అనే పరిశోధకులు రష్యన్, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్ల చూపు ఎటు పోతోందో గమనించారు. రష్యన్‌లో స్టాంపుని 'మార్కా' అంటారు. స్టాంపు గురించి రష్యన్‌లో చెబితే, వాళ్ల కళ్లు పక్కనున్న మార్కర్ పెన్ను మీదికీ పోయాయి!

మీరు ఇంగ్లీషు మాట్లాడుతున్నంతసేపూ తెలుగు కూడా లోపల మేలుకునే ఉంటుందన్నమాట. బలమైన భాష కాబట్టి అదే ముందుకు తోసుకొస్తుంది. దాన్ని గట్టిగా అదిమిపెట్టాలి. అదే ఏడాది మ్యూటర్, ఆల్‌పోర్ట్ అనే పరిశోధకులు రెండు భాషలు వచ్చినవాళ్లకి తెర మీద అంకెలు చూపించి, వెనక రంగుని బట్టి ఏ భాషలో చెప్పాలో మారుస్తూ పోయారు. సొంత భాషకి మారేటప్పుడే ఎక్కువ ఆలస్యమైంది. అదిమిన పట్టు వెంటనే వదలదన్నది వాళ్ల వివరణ. రెండు భాషలూ సమానంగా వచ్చినవాళ్లలో ఈ తేడా లేదని 2004లో కోస్టా, సాంటెస్టెబన్ చూపించారు కాబట్టి అందరికీ ఇది ఒకేలా ఉండదు. పైగా ప్రయోగంలో కనిపించే ఆలస్యం సెకనులో చిన్న వంతే. రోజంతా పనిచేసిన అలసట కూడా తోడైతే అది పెద్దదవుతుందని నా అనుభవం మీద అంటున్నాను.

నేనైతే పని అయ్యాక ఓ పావుగంట తెలుగులో ఏదో ఒకటి పైకి చదువుతాను. మాట రాకపోతే తడుముకోను, ఇంగ్లీషు మాటే అనేసి ముందుకెళ్తాను. కాసేపటికి అసలు మాట వస్తుంది. సెలవు రోజుల్లో కూడా, రెండు భాషల్లోనూ మాటలు తప్పిపోతుంటే మాత్రం డాక్టరుకి చూపించుకోండి.

ఇంట్లోవాళ్లకీ ఈ సంగతి చెప్పండి. అమ్మ ఇప్పుడు నేను ఆగితే తొందరపెట్టదు, మాట అందివ్వదు. వచ్చేదాకా ఊరుకుంటుంది.