రాడార్ టార్గెట్ సిమ్యులేటర్ చూపించేది ఎంతవరకు నిజం? ఎలా పరీక్షించాలి?

రాడార్ టార్గెట్ సిమ్యులేటర్ అంటే ఎదురుగా లేని వస్తువు (టార్గెట్) ఉన్నట్టు రాడార్‌కి చూపించే పరికరం. సిమ్యులేటర్‌లో టార్గెట్ దూరం 50 మీటర్లు పెట్టాం, కారు రాడార్ కూడా 50 అనే చూపింది. సరిపోయినట్టేనా? కాదు. రెండింట్లోనూ ఉన్న తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఉండొచ్చు. అందుకే సిమ్యులేటర్‌ని ముందు విడిగా కొలవాలి.

అసలు చిక్కు దూరంతోనే. ఈ పరికరం రాడార్ తరంగాన్ని అందుకుని, కాస్త ఆలస్యంగా తిరిగి పంపుతుంది. తరంగం వెళ్లి రావాలి కాబట్టి 1 మీటరు దూరమంటే దాదాపు 6.67 నానోసెకన్ల ఆలస్యం. ఒక్క నానోసెకను తేడా వస్తే టార్గెట్ 15 సెంటీమీటర్లు జరిగిపోతుంది. డాప్లర్‌ను (టార్గెట్ వేగం వల్ల తరంగం పౌనఃపున్యంలో వచ్చే మార్పును) సున్నాలో ఉంచి, ఆ ఆలస్యాన్ని నెట్‌వర్క్ ఎనలైజర్‌తో (సిగ్నల్ పంపి, తిరిగొచ్చినదాన్ని దానితో పోల్చే పరికరంతో) కొలవచ్చు. కొలిచే కేబుళ్ల ఆలస్యాన్ని తీసేయాలి. రాడార్‌కీ సిమ్యులేటర్ యాంటెన్నాకీ మధ్య ఖాళీని మాత్రం కలపాలి. ఆ ఖాళీ 1 మీటరైతే, దాన్ని మరిచిపోయినప్పుడు ప్రతి టార్గెట్టూ సరిగ్గా మీటరు దూరం జరుగుతుంది.

వేగం తేలిక. కారు రాడార్లు వాడే 77 గిగాహెర్ట్జ్ దగ్గర సెకనుకు 1 మీటరు వేగానికి సుమారు 513 హెర్ట్జ్ డాప్లర్ మార్పు రావాలి. స్థిరమైన సిగ్నల్ పంపి స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో (సిగ్నల్‌లోని పౌనఃపున్యాలను చూపే పరికరంలో) చూస్తే తెలిసిపోతుంది. కాకపోతే పౌనఃపున్యాలు సరిగ్గా పోల్చడానికి పరికరాలన్నిటికీ ఒకే రిఫరెన్స్ క్లాక్ ఇవ్వాలి.

ప్రతిధ్వని (తిరిగొచ్చే తరంగం) బలానికి కార్నర్ రిఫ్లెక్టరే మంచి కొలబద్ద. ఇది మూడు లోహపు పలకలను ఒకదానికొకటి లంబంగా కలిపి చేసిన మూల; తరంగాన్ని వచ్చిన వైపే తిప్పి పంపుతుంది. మూల నుంచి 10 సెంటీమీటర్ల అంచులున్న త్రిభుజాకార రిఫ్లెక్టర్ ఇదే పౌనఃపున్యంలో దాదాపు 28 చదరపు మీటర్ల టార్గెట్‌లా కనిపించాలి (ఇది ప్రతిధ్వని బలాన్ని చెప్పే కొలత, అసలు సైజు కాదు). దాన్నీ సిమ్యులేటర్‌నీ ఒకే రాడార్‌తో పోల్చండి. దూరం రెట్టింపైతే బలం 12 డెసిబెల్స్ తగ్గుతోందో లేదో కూడా చూడండి.

ఇంకోటి: సిమ్యులేటర్‌ని ఆపేసి ఒకసారి కొలవండి. అప్పుడు కనిపించే ప్రతిధ్వని ఆ పెట్టెదే, టార్గెట్‌ది కాదు.