నిందితుడికి ‘రక్షణ ఉత్తర్వు’: రక్షణ ఎవరికి?

సందేహం: మా బంధువుల అబ్బాయిపై, విడిగా ఉంటున్న అతని భార్య కేసు పెట్టింది. ‘వెంటాడిన కేసులో నేరస్థుడికి రక్షణ ఉత్తర్వు’ అని ఒక స్థానిక పత్రిక రాసింది. వేధించాడంటున్నవాణ్నే కోర్టు రక్షించడమేమిటి? నిందితుడు, ముద్దాయి, నేరస్థుడు అన్నవి ఒకే అర్థంలో వాడదగినవేనా? ఉత్తర్వులో ‘సంప్రదించరాదు’ అని ఉందట. తమ్ముడి చేత క్షమాపణ చెప్పిస్తే అది కూడా సంప్రదించడమేనా?
– తెనాలి నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మీ మొదటి సందేహానికి కారణం ఆ శీర్షికలోని ‘కి’ అనే విభక్తి ప్రత్యయం. ‘పంటకు రక్షణ’, ‘సాక్షికి రక్షణ’ అన్నప్పుడు ఆ ప్రత్యయం రక్షణ పొందేవారిని చెబుతుంది. ‘ఉద్యోగికి బదిలీ ఉత్తర్వు’ అన్నప్పుడు కాగితం అందుకొనేవారిని చెబుతుంది. ‘రక్షణ’, ‘ఉత్తర్వు’ ఒకే సమాసంలో చేరేసరికి ‘కి’ ఏ పదంతో అన్వయిస్తుందో తేలక, ఉత్తర్వు అందుకున్నవాడే రక్షణ పొందినవాడిలా కనిపించాడు. 2005 నాటి గృహహింస చట్టం 18వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఇచ్చే ఈ ఉత్తర్వులో రక్షణ భార్యకు, నిషేధాలు భర్తకు. కాబట్టి ‘భర్త నుంచి భార్యకు రక్షణ కల్పిస్తూ ఉత్తర్వు’ అని రాసి ఉంటే నాలుగు అక్షరాలు పెరిగినా అర్థం తలకిందులయ్యేది కాదు.

ఆ శీర్షికలో ఇంతకన్నా పెద్ద తప్పు ‘నేరస్థుడు’ అన్న మాట. తెలుగు మాట అయిన ‘నేరం’ పక్కన సంస్కృతపు ‘స్థ’ను అతికించడాన్ని పాత వ్యాకర్తలు వైరిసమాసమని ఆక్షేపిస్తారు గానీ, వాడుకలో స్థిరపడిన మాటను ఆ కారణంతో నేను తప్పుపట్టను. నా అభ్యంతరం దాని అర్థం గురించే. విచారణ ముగిసి, నేరం రుజువైందని కోర్టు చెప్పిన తరువాతనే ఒక మనిషిని దోషి అనీ నేరస్థుడనీ అనాలి. అంతవరకు అతడు నిందితుడు, అంటే నింద మోస్తున్నవాడు మాత్రమే. వినాయక చవితినాడు నీలాపనిందలు రాకూడదని కథాక్షతలు వేసుకొనే మనకు ఈ తేడా కొత్తగా చెప్పనక్కరలేదు; శమంతకమణి విషయంలో శ్రీకృష్ణుడు నిందితుడే గానీ దోషి కాడు.

‘ముద్దాయి’ కథ మరీ విచిత్రమైనది. ‘దావా’ పుట్టిన అరబ్బీ ధాతువు నుంచే పుట్టిన ఈ మాటకు ఉర్దూలో దావా వేసినవాడు, అంటే వాది అని అర్థం. అవతలి పక్షాన్ని అక్కడ ‘ముద్దాఅలైహ్’ అంటారు. పలకడానికి కష్టమైన ఆ రెండో మాటను మనం వదిలేసి, మొదటిదాన్నే తెచ్చి ఎదుటివాడికి తగిలించాం. ఇప్పుడు తెలుగులో ముద్దాయి అంటే నిందితుడే. మూలార్థం చూపించి దీన్ని దిద్దబోతే మిగిలేది గందరగోళమే కనుక ఆ వాడుకను అలాగే ఉండనివ్వాలి.

అయితే మీ బంధువు ఒకే సమయంలో రెండు పేర్లతో ఉన్నాడన్నది గమనించండి. గృహహింస చట్టం కింద అతడు ప్రతివాది. రక్షణ ఉత్తర్వు ముందుజాగ్రత్తగా విధించిన నిషేధమే తప్ప అతడు దోషి అన్న తీర్పు కాదు. ఆ ఉత్తర్వును మీరితే మాత్రం 31వ సెక్షన్ కింద ఆ మీరడమే ఒక నేరమవుతుంది. ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దీన్ని పత్రికలు ‘కోర్టు ధిక్కరణ’ అని రాస్తుంటాయి. ధిక్కరణకు వేరే చట్టం ఉంది కాబట్టి, ఇక్కడ ‘ఉల్లంఘన’ అనడమే సరైనది.

ఇక వెంటాడిన కేసులో అతడు నిందితుడు. 2013లో శిక్షాస్మృతిలో చేరిన ఈ నేరం, 2024 జులై 1 నుంచి ఆ స్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్‌లో ఉంది. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. స్టాకింగ్‌కు మనం ‘వెంటాడటం’ అంటున్నాం గానీ ఆ మాటలో వేట ఛాయ ఉంది. వినగానే వీధి, పరుగు, కాళ్లు కనిపిస్తాయి. చట్టం చెప్పేది అంతవరకే కాదు. తనకు ఇష్టం లేదని స్త్రీ స్పష్టంగా తెలియజేసిన తరువాత కూడా పదేపదే వెంబడించడం, పరిచయం పెంచుకోవాలని పలకరించడం లేదా అందుకు ప్రయత్నించడం, ఆమె ఇంటర్నెట్ వాడకంపైనా ఈమెయిళ్లపైనా కన్నేసి ఉంచడం కూడా దాని కిందికే వస్తాయి. ‘నేనామె వెంట ఒక్క అడుగు వేయలేదు’ అన్న నిందితుడి మాట తెలుగు పదానికి జవాబవుతుందేమో గానీ సెక్షన్‌కు కాదు. నేర నివారణ బాధ్యతను ప్రభుత్వం అప్పగించినందువల్లనో, ఏదైనా చట్టం ప్రకారమో, పరిస్థితులను బట్టి సమంజసంగానో చేశానని నిరూపించుకొనే అవకాశం చట్టంలో ఉంది. ఆ నిరూపణ భారం అతనిదే.

మీ మూడో ప్రశ్నే నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా తోస్తున్నది. తెలుగులో ‘సంప్రదించు’ అంటే సలహా అడగడం, చర్చించడం: వైద్యుణ్ని సంప్రదించాడు, ఇరుపక్షాల సంప్రదింపులు ఫలించాయి. ఈ అర్థానికి అలవాటుపడినవాడు ‘సంప్రదించరాదు’ అన్న నిషేధాన్ని చూసి, రాజీ బేరాలు వద్దన్నారు గానీ పండగకు శుభాకాంక్షలు పంపితే తప్పేమిటని నిజాయితీగానే అనుకోవచ్చు. కానీ 18వ సెక్షన్ ఆపేది ఏ రూపంలోనైనా ఆమెతో మాట కలపడానికి చేసే ప్రయత్నాన్ని. ముఖాముఖి, నోటిమాట, ఉత్తరం, ఫోను, ఎలక్ట్రానిక్ సాధనాలు అన్నీ అక్కడ పేర్కొన్నారు. ‘ఏ విధంగానూ పలకరించరాదు, కబురు పంపరాదు’ అని రాసి ఉంటే తెనాలిలోనైనా తాండూరులోనైనా చదివినవారికి సందేహం ఉండేది కాదు. తమ్ముడి నోట క్షమాపణ చెప్పించడం కబురు పంపడమే కనుక, మంచి ఉద్దేశంతోనైనా అలా చేయకపోవడమే క్షేమం. చెప్పదలచిన మాట ఏదైనా ఉంటే న్యాయవాది ద్వారా కోర్టుకే చెప్పాలి.

మీరు అడగలేదు గానీ, ఆ కాగితంలో ‘ఏకపక్ష ఉత్తర్వు’ అన్న మాట ఉంటే దాన్నీ జాగ్రత్తగా చదవాలి. వాడుకలో ‘ఏకపక్షంగా’ అంటే పక్షపాతంతో అనే అర్థం వచ్చింది. కోర్టు భాషలో మాత్రం రెండో పక్షం వాదన వినకముందే ఇచ్చినదని మాత్రమే దాని భావం. 23వ సెక్షన్ కింద అత్యవసరంగా అలా ఇవ్వవచ్చు. దాన్ని అన్యాయమని చించి పారేయకుండా, వాయిదా నాడు హాజరై తన వాదన చెప్పుకోవాలి. పరిస్థితులు మారితే 25వ సెక్షన్ కింద మార్పు లేదా రద్దు కోరవచ్చు. 29వ సెక్షన్ కింద 30 రోజుల్లోగా సెషన్స్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలు వేసినంత మాత్రాన ఉత్తర్వు ఆగిపోదు. పై కోర్టు నిలుపుదల చేసేదాకా అందులోని ప్రతి నిషేధమూ అమల్లో ఉన్నట్టే.