టైరు మీది అంకెలు ఏం చెబుతాయి?

ప్రశ్న: మా థార్‌కు 245/75 ఆర్16 టైర్లు ఉన్నాయి. పాడేరు వైపు మట్టి దారుల కోసం 265/75 ఆర్16 ఆఫ్‌రోడ్ టైర్లు వేయించుకోవాలని ఉంది. దుకాణంలో మరో టైరు మీద 31×10.50 ఆర్15 అని కనిపించింది. ఇవి ఎలా చదవాలి?
– ఒక పాఠకుడు, నర్సీపట్నం

జవాబు: మీ టైరు మీది 245 దాని వెడల్పు, మిల్లీమీటర్లలో. అందరూ పొరబడేది 75 దగ్గరే; అది కొలత కాదు, శాతం. అంటే టైరు పక్కగోడ ఎత్తు 245లో 75 శాతం, సుమారు 184 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్ (టైరు లోపలి దారాల అమరికలో ఒక రకం), 16 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. పక్కగోడ ఎత్తును రెండింతలు చేసి, రిమ్ము వ్యాసమైన 406 మిల్లీమీటర్లను కలిపితే మొత్తం ఎత్తు దాదాపు 774 వస్తుంది.

మీరు కోరుకున్న టైరులో శాతం మారకపోయినా వెడల్పు పెరగడం వల్ల పక్కగోడ కూడా పెరిగి, మొత్తం ఎత్తు 804 అవుతుంది. బండి నేల నుంచి లేచేది మాత్రం ఆ పెరిగిన 30లో సగమే, 15 మిల్లీమీటర్లు. స్పీడోమీటరు 60 చూపినప్పుడు అసలు వేగం 62 దాటుతుంది. కొనేముందు ఒక టైరు బిగించి, స్టీరింగును రెండు వైపులా చివరికంటా తిప్పి, ఎక్కడైనా రాసుకుంటోందేమో చూడండి. దుకాణదారు విసుక్కున్నా సరే.

31×10.50 ఆర్15లో అన్నీ అంగుళాలే: ఎత్తు 31, వెడల్పు పదిన్నర, రిమ్ము 15. మీ 16 అంగుళాల రిమ్ముకు అది ఎక్కదు.