గ్రాఫ్ట్‌కు డబ్బు కట్టాను, ఎముకే లేదంటున్నారు

ప్రశ్న: మలక్‌పేటలో ఉంటాను, స్కూల్ టీచర్‌ని. 22 నెలల క్రితం కింది దవడ పన్ను తీయించుకున్నాను. తర్వాత ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) పెట్టాలంటే ఎముక తగ్గిపోకుండా అప్పుడే గ్రాఫ్ట్, అంటే ఆ గుంటలో ఎముక లాంటి పదార్థం, వేయాలని డాక్టర్ అంటే మొత్తం 22 వేలు ఇచ్చాను. 12 వేలు ఫోన్‌పేలో, మిగతాది చేతికి. బిల్లు ఇవ్వలేదు. ఎనిమిదో నెలలో "చిగురు లోపలికి పోయింది, అసలు ఎముక వేశారా?" అని వాట్సాప్ చేస్తే "గ్రాఫ్ట్ సెట్ అవ్వడానికి టైం పడుతుంది మేడమ్" అన్నారు. గత నెల వేరే డెంటిస్ట్ స్కాన్ చూసి, గ్రాఫ్ట్ వేసిన ఆనవాలే లేదన్నారు. మా అమ్మాయి పెళ్లిలో కూడా ఒక పక్కనే నమిలాను, ఎంత ఏడ్చానో! మా మరిది తెలిసిన సర్జికల్ షాపులో పాత తేదీతో బిల్లు రాయిస్తానంటున్నాడు. చీటింగ్ కేసు పెట్టవచ్చా?

జవాబు: పెళ్లి భోజనం సంగతి పక్కన పెడదాం. మీ కేసంతా ఒక్క ప్రశ్న మీదే నిలబడుతుంది. ఆ రోజు గ్రాఫ్ట్ వేశారా, లేదా?

వేసినా ఎముక తగ్గిందనుకోండి, మీ చేతిలో పెద్దగా ఏమీ లేనట్టే. పన్ను తీశాక ఏడాదిలో ఆ చోట దవడ వెడల్పు సగం దాకా తగ్గవచ్చు, అదీ ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. గ్రాఫ్ట్ దాన్ని తగ్గిస్తుందే తప్ప పూర్తిగా ఆపదు. ఫలితం రాలేదు కాబట్టి నిర్లక్ష్యమే అంటే వినియోగదారుల కమిషన్ ఒప్పుకోదు. వేయకుండానే డబ్బు తీసుకున్నారని తేలితే మాత్రం అది సేవా లోపం.

అది తేల్చడానికి "ఆనవాలు లేదు" అన్న మాట ఒక్కటే చాలదు. గ్రాఫ్ట్‌గా వేసినవి పశువు ఎముక నుంచి చేసిన గింజలైతే ఏళ్ల తర్వాత కూడా స్కాన్‌లో కనిపిస్తాయి. కాల్షియం సల్ఫేట్ లాంటివి కొన్ని నెలల్లోనే కరిగిపోతాయి. అవతలి లాయర్ మొదట పట్టుకునేది దీన్నే. కాబట్టి ఏ రకం వేశామని రాసుకున్నారో కేస్ షీట్‌లో చూడాలి. గ్రాఫ్ట్ ప్యాకెట్‌తో బ్యాచ్ నంబర్ ఉన్న చిన్న స్టిక్కర్ వస్తుంది. పద్ధతిగా నడిచే క్లినిక్‌లో దాన్ని కేస్ షీట్ మీద అంటిస్తారు. వేలెడంత కాగితం, మీ కేసు అక్కడే తేలవచ్చు. పన్ను తీసిన వెంటనే తీసిన ఎక్స్‌రే ఉంటే అదీ అడగండి. రికార్డులు మూడేళ్లు భద్రపరచాలని డెంటల్ కౌన్సిల్ 2014 నిబంధనల్లో ఉంది.

ఇక గడువు. వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు వేయడానికి రెండేళ్లు. గత నెలే తెలిసింది కదా, అక్కడి నుంచి లెక్కేసుకోవచ్చులే అనుకోకండి. కడుపులో గాజుగుడ్డ ఉండిపోయిందని తొమ్మిదేళ్ల తర్వాత తెలుసుకున్న ఒక నర్సు కేసులో, నొప్పి ఉన్నప్పుడే పరీక్ష చేయించుకుని ఉండాల్సిందని 2010లో సుప్రీంకోర్టు ఆమె ఫిర్యాదును గడువు దాటిందని తోసిపుచ్చింది. మీకు ఎనిమిదో నెలలోనే అనుమానం వచ్చిందని మీ వాట్సాపే చెబుతోంది. పన్ను తీసిన రోజు నుంచే లెక్కేసుకోండి. ఉన్నది రెండు నెలలు. నోటీసులు, రిమైండర్లు పంపుతూ కూర్చుంటే గడువు పెరగదు.

మరిది గారి బిల్లు జోలికి మాత్రం అస్సలు వెళ్లకండి. ఆ షాపు స్టాక్ రిజిస్టర్ తెప్పించమని అవతలివాళ్లు ఒక్క పిటిషన్ వేస్తే చాలు, ఫోర్జరీ కేసు మీ మీదకే వస్తుంది, నిజమైన ఫిర్యాదు కూడా దాంతోపాటే పోతుంది. అసలు ఆ బిల్లు ఎందుకు? గ్రాఫ్ట్ వేశామని క్లినిక్కే మీకు వాట్సాప్‌లో రాసిచ్చింది. గడువు విషయంలో మిమ్మల్ని దెబ్బతీసే ఆ వాట్సాప్ సంభాషణే ఇక్కడ మీ సాక్ష్యం. దానికి తోడు ఫోన్‌పే స్టేట్‌మెంట్ ఉంది. చేతికిచ్చిన పది వేలకు రుజువు లేదు, ఆ ఆశ తగ్గించుకోండి. జాకెట్టు ముక్క కొన్నా బిల్లు అడుగుతాం, నోట్లో 22 వేల పని చేయించుకుని అడగకపోవడం ఏమిటండీ? అయినా బిల్లు ఇవ్వకపోవడం వాళ్ల తప్పే. 2019 వినియోగదారుల చట్టంలో అది అనుచిత వ్యాపార పద్ధతి.

చీటింగ్ కేసుకు మొదటి నుంచీ మోసపు ఉద్దేశం ఉందని చూపాలి. కేస్ షీట్ కూడా చూడకుండా స్టేషన్‌కు వెళ్లి ప్రయోజనం లేదు.

ఈ వారమే కేస్ షీట్, ఎక్స్‌రే కాపీలు కోరుతూ క్లినిక్‌కు స్పీడ్ పోస్టులో లేఖ పంపండి, రసీదు దాచండి. ఇవ్వకపోతే ఆ మౌనాన్నే కమిషన్ ముందు పెడతాం. కొత్త డెంటిస్ట్ దగ్గర స్కాన్ సీడీ, రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో కూడా చూపించుకుంటే ఇంకా బలం. అప్పటిదాకా కొత్త గ్రాఫ్ట్, ఇంప్లాంట్ వద్దు. ఆ చోట మళ్లీ డ్రిల్ పడితే ఉన్న సాక్ష్యం పోతుంది. హైదరాబాద్ జిల్లా కమిషన్‌కు ఆన్‌లైన్‌లో, వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఆ వాట్సాప్ ఉన్న ఫోన్‌ను మాత్రం కేసు తేలేదాకా మార్చకండి.