విశాఖ నుంచి హైదరాబాద్‌కు విమానంలో ఎంత దూరం, ఎంత టైమ్ పడుతుంది?

రెండు విమానాశ్రయాల మధ్య గీత గీసినట్టు కొలిస్తే సుమారు 510 కిలోమీటర్లు. రోడ్డు మీద అదే 600 దాటుతుంది, రైలు దారి 700 దగ్గర ఉంటుంది.

టికెట్ మీద గంటా పది నుంచి గంటన్నర లోపు చూపిస్తారు. జెట్ గంటకు 800 కిలోమీటర్లు వెళ్తుంది కదా, నలభై నిమిషాల్లో దిగిపోవాలి మరి? ఇక్కడే చాలామంది పొరబడతారు. టికెట్ మీది టైమ్ గేటు నుంచి గేటు వరకు. రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్లడం, శంషాబాద్‌లో దిగడానికి వంతు కోసం ఆగడం, అన్నీ అందులోనే. పైగా ఇంత చిన్న ప్రయాణంలో పూర్తి వేగంతో ఎగిరేది కాసేపే. మిగతాదంతా ఎక్కడం, దిగడం. రెక్కల మీద పంకాలుండే ఏటీఆర్ రకం విమానమైతే ఇంకాస్త ఆలస్యం.

గాలి సంగతీ ఉంది. చలికాలంలో పైన పడమటి గాలులు వీస్తాయి కాబట్టి హైదరాబాద్ వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోడుగాలి. వానాకాలంలో పైన తూర్పు గాలులు, అప్పుడు లెక్క తిరగబడుతుంది. తేడా కొన్ని నిమిషాలే లెండి.

అసలు టైమ్ తినేది నేల మీదే. చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. విశాఖలో మద్దిలపాలెం నుంచి బయల్దేరితే ఎన్ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్, అటు శంషాబాద్ నుంచి సికింద్రాబాద్‌కు మరో గంట పైనే. ఇంటి నుంచి ఇంటికి ఐదు గంటలు వేసుకోండి.