గుండె చుట్టూ నీరు: ఆ మాత్ర ఇక వేయకండి

ప్రశ్న: మాది ఆదోని. మా ఆయనకు 46 ఏళ్లు, జిన్నింగ్ మిల్లులో పని. రెండు నెలలుగా సాయంత్రమైతే జ్వరం, బాగా చిక్కిపోయాడు. ఇప్పుడు నాలుగడుగులు వేసినా ఆయాసం. ఎకో (గుండె స్కాన్) తీసి గుండె చుట్టూ నీరు చేరిందన్నారు. నీళ్లు, మజ్జిగ ఎక్కువ తాగడం వల్లేనా? తెలిసినవాళ్లు చెబితే మెడికల్ షాపులో నీరు లాగే మాత్ర తెచ్చి వారంగా వేస్తున్నాం.
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, తాగిన నీళ్లు అక్కడికి చేరవు. మజ్జిగ మానాల్సిన పని లేదు. నాకు టెన్షన్ పుట్టించింది ఆ మాత్ర.

గుండె చుట్టూ రెండు పొరల సంచి ఉంటుంది. ఆ పొరల మధ్య 15 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం అందరికీ ఉంటుంది. పొరకు వాపు వచ్చినా, ద్రవం బయటికి పోయే దారి మూసుకుపోయినా అది పెరుగుతుంది. ఎంత చేరిందన్నదాని కంటే ఎంత వేగంగా చేరిందన్నది ముఖ్యం. గంటల్లో 200 మిల్లీలీటర్లు చేరినా ప్రాణం మీదికి రావచ్చు. వారాల తరబడి మెల్లగా చేరితే లీటరు వరకు తట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఆ నీరు గుండెను నొక్కితే గుండె సరిగ్గా నిండదు, బీపీ పడిపోతుంది. అలాంటప్పుడు ఒంట్లో నీరు లాగే మాత్ర వేస్తే గుండెకు వచ్చే రక్తం ఇంకా తగ్గి, మనిషి కూలిపోవచ్చు. పక్కింటి ఆయన కాళ్ల వాపుకు పనిచేసిన మాత్ర మీ ఇంట్లో పనిచేయాలని లేదు కదా!

నా ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది మాత్రలు విడిగా కత్తిరించి, కాగితంలో చుట్టుకొని తెస్తారు. పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఆ మాత్రల్లో స్టెరాయిడ్ ఉంటే జ్వరం నాలుగు రోజులు అణుగుతుంది, లోపలి జబ్బు మాత్రం ముదురుతుంది. రెండు నెలల జ్వరానికి ఒక్క కఫం పరీక్షైనా చేయించారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు.

సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, గుండె చుట్టూ నీరు కలిసి కనిపిస్తే మన దగ్గర ముందు టీబీని అనుమానిస్తాం. చూడకుండా అదేనని చెప్పలేను. కిడ్నీలు దెబ్బతిన్నా, థైరాయిడ్ బాగా తగ్గినా, ఊపిరితిత్తుల క్యాన్సర్ పాకినా, వైరస్ సోకినా, గుండెపోటు తర్వాత కూడా ఇలా నీరు చేరుతుంది. కారణం తేలకుండా మందు రాయడం కుదరదు.

అవసరమైతే ఎకోలో చూస్తూ సూదితో నీరు తీసి పరీక్షకు పంపుతారు. అందరికీ తీయాల్సి రాదు. టీబీ అని తేలితే కనీసం ఆరు నెలల మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఆయాసం తగ్గిందని మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టి, సంచి గట్టిపడి గుండెను నొక్కేయవచ్చు. అప్పుడు ఆపరేషనే దారి.

ఇవాళే ఆయన్ను గుండె డాక్టరుకు చూపించండి. ఎకో రిపోర్టు, ఇప్పటిదాకా వేసిన మాత్రల అట్టలు, ఖాళీవైనా సరే, తీసుకెళ్లండి. షుగర్‌కో బీపీకో డాక్టరు రాసిన మందులుంటే మీ అంతట మీరు ఆపకండి. పడుకోలేక ముందుకు వంగి కూర్చున్నా, మెడ నరాలు ఉబ్బినా, చెమటలు పట్టి కళ్లు తిరిగినా కర్నూలు బస్సు కోసం చూడొద్దు, 108కి ఫోన్ చేయండి.